హెలెన్ లేని కట్

జనవరి 12, సోమవారం

డయాన్ మళ్ళీ అదే మాట. "నీరజా, ఇక్కడ సినిమా ఆగిపోతోంది." ఎందుకు ఆగుతోందో చెప్పదు. చేత్తో గాల్లో ఒక గీత గీస్తుంది. డైరెక్టర్ ఆవిడ. ఆ గీతకి అర్థం వెతుక్కోవడం ఎడిటర్‌గా నా పని.

న్యూయార్క్ నుంచి బస్సులో నిలబడే వచ్చాను. న్యూజెర్సీలో, మా పార్సిప్పనీలో దిగేసరికి కాళ్ళు పీకుతున్నాయి.

సినిమా లోర్నా హాస్కెట్ జీవితం మీద. పదిహేడేళ్ళకి హాలీవుడ్ స్టూడియో ల్యాబ్‌లో ఫిల్ము ముక్కలు అతికే పనికి చేరింది. ఆడపిల్లలకి కుట్టుపని అలవాటే కదా అని అలాంటి పనుల్లో పెట్టేవారట. ఆ పిల్లే ముప్పై దాటేసరికి పెద్ద సినిమాల ఎడిటర్. ఆ తర్వాత అదే స్టూడియోలో నిర్మాత — ఆడమనిషికి ఆఫీసు గది ఇవ్వడానికే ముఖం చిట్లించే రోజుల్లో. ఇంత కథ చేతిలో ఉండి డాక్యుమెంటరీ ఆగిపోతోందంటే తప్పెవరిది? నాదేనట.

జనవరి 14

ఇవాళ డయాన్ చేతి గీత సినిమాలో ఇంకాస్త ముందే పడింది.

జనవరి 17, శనివారం

కింది ఫ్లోర్ సుజాత గారు. "నీరజా, ఖాళీయేనా?" చేతిలో పులిహోర డబ్బా. డబ్బా చూడగానే అర్థమైంది — వాళ్ళమ్మాయి శ్రేయ హాఫ్ శారీ ఫంక్షన్ వీడియో. హైదరాబాద్‌లో సినిమాలకి పనిచేసి వచ్చానని, ఇప్పుడు న్యూయార్క్‌లో ఒక డాక్యుమెంటరీ ఎడిట్ చేస్తున్నానని ఈ కాంప్లెక్స్‌లో అందరికీ తెలుసు. అయినా నేను వీడియోలు చేసిపెట్టే నీరజనే.

"మా తోడికోడలు కనిపించే షాట్లన్నీ తీసెయ్యమ్మా. ఫంక్షన్ అయిన దగ్గర్నుంచీ ఒక్క ఫోన్ లేదు."

వెనక నుంచి శ్రేయ, "మమ్మీ, దట్స్ సో మీన్! పిన్ని నాకు జడ వేసింది కదా."

"నువ్వూరుకో."

మధ్యాహ్నం కూర్చుని తీసేశాను. ఎంత సులువో. ఒక్క చోట మాత్రం కుదరలేదు. హారతి పళ్ళెం పట్టుకున్న ఆవిడ చెయ్యి, గాజులతో సహా, ఫ్రేములో ఉండిపోయింది. శ్రేయ ముఖం పోకుండా ఆ చెయ్యి పోదు. వదిలేశాను. సుజాత గారు గమనించలేదు.

జనవరి 20

మన సినిమా మొత్తం ఒక్క సీన్ మీద నిలబడాలంటుంది డయాన్. కోర్టు సీన్. లోర్నా ఎడిట్ చేసిన ఒక పాత సినిమాలోది; ఆమె పేరు ఇవాళ ఎవరికైనా తెలిసిందంటే దానివల్లే. స్క్రిప్టులో తీర్పు తర్వాత లాయరు వేషం వేసిన హీరోకి పెద్ద ఉపన్యాసం. లోర్నా దాన్ని మొత్తం కోసేసింది. దాని బదులు ముద్దాయి తల్లి, అందరూ వెళ్ళిపోయిన గ్యాలరీలో ఒక్కతే, తన కోటు మడత పెట్టుకుంటున్న షాట్. మడత పెడుతుంది, విప్పుతుంది, మళ్ళీ పెడుతుంది. అంతే. కెమెరా ఇంకా నడుస్తోందని ఆ నటికి తెలియదట. హీరో అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. జనం హాల్లో ఏడ్చారు. ఆ సినిమా డైరెక్టర్ బతికినన్నాళ్ళూ ఆ ఆలోచన తనదేనని చెప్పుకున్నాడు.

ఎవరిది వాళ్ళకి తిరిగి ఇచ్చేయడానికే ఈ సినిమా — ఇది డయాన్ మాట. నేను ఆ సీన్‌ని కట్టిన తీరు చూసి ఇవాళ మొదటిసారి తల ఊపింది. "ఇక్కడ ఆగట్లేదు."

హమ్మయ్య.

జనవరి 26

రూత్ ఇంటర్వ్యూ మొత్తం ఇవాళ చూశాను. ఇన్నాళ్ళూ నా చేతికి వచ్చినవి డయాన్ గుర్తుపెట్టి ఇచ్చిన ముక్కలే. రూత్ లోర్నా కూతురు. ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. మోరిస్‌టౌన్ దగ్గర వృద్ధుల నివాసంలో ఉంటుంది. డయాన్ ఇచ్చిన ముక్కల్లో అమ్మ కష్టజీవి, అమ్మ ధైర్యవంతురాలు. మిగతా దాంట్లో... హెలెన్.

హెలెన్ లోర్నాకి అసిస్టెంట్. రూత్ చిన్నప్పుడు బడి అయ్యాక ఎడిటింగ్ గదికి వచ్చి, టేబుల్ కింద కూర్చుని ఫిల్ము ముక్కలతో ఆడుకునేదట. "ఆ కోటు షాట్‌ని మా అమ్మ పారేసింది. బుట్టలోంచి తీసింది హెలెన్. లోర్నా, ఇది ఒక్కసారి పెట్టి చూడు అంది. నేను అక్కడే ఉన్నాను."

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.

ఇంకా ఉంది. లోర్నా నిర్మాత అయ్యాక హెలెన్‌ని ఎడిటర్‌ని చేసింది. రెండో సినిమాకే చెడింది. ఒక సీన్ కొయ్యనని హెలెన్ పట్టుబట్టిందట. లోర్నా సినిమాని ఆమె చేతుల్లోంచి లాక్కుని తనే కోసింది. తెర మీద పేరు తీసేసింది. పనిలోంచీ తీసేసింది. ఒక ఆదివారం హెలెన్ వాళ్ళింటికి వచ్చింది.

"అమ్మ మేడమెట్ల మీద నిలబడింది. ఇంట్లో లేదని చెప్పు అని నన్ను తలుపు దగ్గరికి పంపింది. చెప్పాను. హెలెన్ నిలబడ్డ చోటినుంచి మెట్ల మీద అమ్మ బూట్లు కనిపిస్తున్నాయి."

ఆ మాట తర్వాత రూత్ మాట్లాడలేదు. చాలాసేపు. కెమెరా నడుస్తూనే ఉంది. బయట ఎక్కడో ఆకులు ఊదే మెషీన్ చప్పుడు. ఆవిడ చూపు తలుపు వైపు.

ఈ ముక్క నా దగ్గరికి ఎందుకు రాలేదు?

జనవరి 28

డయాన్‌ని అడిగాను. తెలుసట. "ఆ ప్రశ్న అడిగింది నేనే కదా, నీరజా."

మరి?

"టేబుల్ కింద నుంచి ఒక చిన్నపిల్ల చూసిన సంగతి. ఇంకో సాక్ష్యం లేదు. హెలెన్ లేదు, లోర్నా లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని లోర్నాకి మిగిలిన ఒక్క ఘనతనీ నేను లాక్కోవాలా? ఆ డైరెక్టర్ లాక్కున్నది చాలదా?"

బ్యాగు సర్దుకుని వచ్చేశాను. జవాబు బస్సెక్కాక వచ్చింది — డైరెక్టర్ లాక్కున్నాడని మనకి చెప్పింది కూడా ఈ రూతే కదా! అప్పుడు నమ్మావు కదా!

బస్సులో దొరికే జవాబులు ఎవరికి పనికొస్తాయి.

ఫిబ్రవరి 3

మా ఆయన శ్రీకాంత్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే, "మళ్ల కొట్లాడినవా?"

కొట్లాట కాదన్నాను. మొత్తం చెప్పాను. విన్నాడు, పాపం. చివరికి, "ఆ పెద్దామె చెప్పింది నిజమే అనుకో. సినిమా వాళ్లది కదా. ఎండ్‌లో నీ పేరు పడ్తది. గదే కదా నీకు కావాల్సింది? నువ్వెందుకింత పరేషాన్ అయితున్నవ్?"

నా పేరు పడుతుందనే కదా పరేషాన్. అతనికి చెప్పలేదు. వర్క్ పర్మిట్ రెన్యువల్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. ఈ పని పోతే ఇంకోటి ఎప్పుడో. ఆ సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం చారన్నం తిన్నాం.

ఫిబ్రవరి 6

అడక్కుండానే హెలెన్‌ని పెట్టి ఒక వెర్షన్ చేశాను. కోర్టు సీన్ రావడానికి ముందే రూత్ మాట — బుట్టలోంచి తీసింది హెలెన్. ఆ తర్వాత కోటు షాట్. నాకు బాగానే అనిపించింది.

ఫిబ్రవరి 9

బాగాలేదు. డయాన్ పక్కన కూర్చుని చూస్తుంటే నాకే తెలిసిపోయింది. షాట్ వచ్చేసరికి చూసేవాడి మనసు తల్లి దగ్గర ఉండదు, బుట్ట దగ్గర ఉంటుంది. డయాన్ గీత కూడా గీయలేదు. "తీసేద్దామా?" అంది, మెల్లగా. అరిచినా బాగుండేది.

తీసేశాను. ఎవరి చేతులతో? నా చేతులతోనే.

ఫిబ్రవరి 14, శనివారం

పాత ఫోటోలు స్కాన్ చేసుకురమ్మని డయాన్ పంపితే రూత్ దగ్గరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. ఫుటేజ్‌లో కన్నా చిన్నగా ఉంది మనిషి. గొంతు మాత్రం గట్టిది. నా పేరు మూడుసార్లు పలికించుకుని నాలుగోసారి సరిగ్గా అంది.

నువ్వేం చేస్తావు అని అడిగింది. ఎడిటర్‌ని అన్నాను. నా చేతులు తీసుకుని తిప్పి చూసింది. "మా అమ్మ వేళ్ళ నిండా గాట్లుండేవి. ఫిల్ము అంచు కోసేసేది. నీ వేళ్ళకి ఏం కాలేదు." నవ్వింది.

ఫోటోల్లో లోర్నా. లోర్నా, నటులు. లోర్నా, కొత్త ఆఫీసు గది, బల్ల మీద పూలు. ఒక్క దాంట్లో వెనక అద్దం తలుపు అవతల ఇంకో ఆడమనిషి, సగం ముఖం. రూత్ దాని మీద వేలు పెట్టింది. "హెలెన్."

ఆ తర్వాత అడిగింది. "సినిమాలో హెలెన్ ఉందా?"

ఉంది అన్నాను.

ఎందుకన్నాను? ఆవిడ అలా చూస్తుంటే ఇంకేమనను... రూత్ తల ఊపి కళ్ళు మూసుకుంది. మోరిస్‌టౌన్ దాటేదాకా స్టీరింగ్‌ని తిట్టుకుంటూనే వచ్చాను.

ఫిబ్రవరి 18

హెలెన్ లేని కట్‌ని మొదటినుంచి చివరిదాకా చూశాం. అది నడుస్తోంది. పరిగెడుతోంది. ల్యాబ్ పిల్ల, ఎడిటర్, కోర్టు సీన్, నిర్మాత, వరసగా నాలుగు సినిమాలు, చివరిది పోయాక ఒక్కమాట అనకుండా స్టూడియో గేటు దాటిపోయిన మనిషి. చివరి షాట్‌కి డయాన్ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

అదే నన్ను తినేస్తోంది. డయాన్ తప్పు చేస్తే కోప్పడొచ్చు. ఒప్పు చేస్తే ఏం చెయ్యను? సినిమాకి హెలెన్ అడ్డం. ఇది నా ఎడిటర్ బుర్ర చెబుతున్న మాట. లోర్నా బుర్రా ఆ రోజు ఇదే చెప్పి ఉంటుంది.

ఫిబ్రవరి 19

పని చేయలేదు. ఫుటేజ్ సర్దుకున్నానని చెప్పాను.

ఫిబ్రవరి 25

రూత్‌కి ఫోన్ చేశాను. హెలెన్ ఉందని ఆ రోజు చెప్పాను, ఇప్పుడు లేదు — అన్నాను. సర్దిచెప్పడానికి చాలా మాటలు కూడబెట్టుకున్నాను కానీ ఒక్కటీ వాడలేదు.

రూత్ ఒక్కటే అడిగింది. "హెలెన్ లేకపోతే సినిమా బాగుంటుందా?"

"...బాగుంటుంది."

"అమ్మ కూడా అదే అనేది. నాకు మనుషుల సంగతి తెలియదు రూత్, ఏది నడుస్తుందో ఏది నడవదో తెలుసు. అంతే అనేది."

సారీ అన్నాను.

"నువ్వెందుకు చెబుతున్నావు ఇది? డయాన్ కదా నాకు చెప్పాల్సింది? మళ్ళీ ఒక అమ్మాయిని పంపించి, తను మెట్ల మీద నిలబడిందా?"

పెట్టేసింది.

డయాన్‌కి ఈ ఫోన్ సంగతే తెలియదు. ఆ ముక్క చెప్పే వీలు కూడా ఇవ్వలేదు రూత్. ఇప్పుడు ఆవిడ దృష్టిలో డయాన్ లోర్నా. నేను తలుపు దగ్గరి పిల్లని. ఎవరికి మేలు చేద్దామని చేశాను ఇది?

ఫిబ్రవరి 27

డయాన్‌కి చెప్పేశాను, రూత్‌కి ఫోన్ చేశానని. ఎర్రబడింది. కోటు వేసుకుని బయటికెళ్ళింది. చాలాసేపటికి రెండు కాఫీలతో వచ్చి ఒకటి నా ముందు పెట్టింది. "నడిచే కట్ ఒకటి చూపించు నాకు, హెలెన్ ఉన్నది. నడిస్తే ఉంచుతాను. నడవకపోతే ఆ మాట ఇంక ఎత్తకు."

కాఫీలో చక్కెర వేయించలేదు. కోపం ఇంకా ఉన్నట్టే.

మార్చి 2

నడవలేదు.

మార్చి 3

నడవలేదు. శ్రీకాంత్ వంట చేశాడు. బెండకాయ మాడ్చాడు. ఇద్దరం అదే తిన్నాం.

మార్చి 5

హెలెన్‌ని పరిచయం చేయబోయిన ప్రతిసారీ సినిమా చతికిలబడుతోంది. ఎవరీవిడ, ఎక్కడినుంచి వచ్చింది, ఏమైంది... ప్రతి జవాబూ ఒక రాయి. వాకింగ్‌కి వెళ్ళాను. పార్కింగ్ లాట్ చుట్టూ నాలుగు రౌండ్లు, అదీ ఇక్కడి వాకింగ్. సుజాత గారు కారు దిగుతూ, "ఏంటి నీరజా, మొహం అలా ఉంది? ఒంట్లో బాగాలేదా?" హెలెన్ బాగాలేదు అనబోయాను. తలనొప్పి అన్నాను.

మార్చి 7, శనివారం

ముందు పెట్టడమే తప్పు!

కోర్టు సీన్‌ని ముట్టుకోకూడదు. లోర్నా గెలవాలి, మనం ఆమెతో గెలవాలి, ఆ కోటు షాట్‌కి మనం ఏడవాలి. నిర్మాత అవ్వాలి, బల్ల మీద పూలుండాలి. అప్పుడు తలుపు. ఇంట్లో లేదని చెప్పు. మెట్ల మీద బూట్లు. ఆ తర్వాత రూత్ మౌనం — కొయ్యకుండా, మొత్తం, ఆకులు ఊదే చప్పుడుతో సహా. అది అయ్యాక మాత్రమే రూత్ గొంతు: బుట్టలోంచి తీసింది హెలెన్. అప్పుడు కోటు షాట్ రెండోసారి.

అదే షాట్. ఒక్క ఫ్రేము మారలేదు. కానీ ఇప్పుడది వేరే షాట్.

ఇంట్లోనే చేశాను, డైనింగ్ టేబుల్ మీద. శ్రీకాంత్‌ని కూర్చోబెట్టి చూపించాను. అయిపోయాక, "ఆమె దగ్గరికి మళ్ల ఎవ్వరు పోలేదా?" అన్నాడు. ఎవరి దగ్గరికి అన్నాను. "హెలెన్ దగ్గరికి."

నడిచింది.

మార్చి 12

డయాన్ చూసింది. మౌనం మొదలైనప్పుడు చెయ్యి లేచింది, గాల్లో గీత గీయడానికి. గీయలేదు. చెయ్యి అలా కాసేపు ఉండి ఒళ్ళో పడింది.

అయ్యాక, "ఆ మౌనం చాలా పొడుగు."

"తెలుసు."

"ఇది రూత్ జ్ఞాపకం, మన తీర్పు కాదు అని తెలియాలి."

"తెలుస్తుంది. ఆవిడ గొంతు తప్ప ఇంకేం లేదు అక్కడ."

కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. "లోర్నాని నేను ప్రేమించాను, నీరజా. ఈ సినిమా కోసం ఎన్నేళ్ళు తిరిగానో నీకు తెలియదు." తెలియదు. నిజమే. ఇన్ని నెలలు పక్కన కూర్చుని ఎప్పుడూ అడగలేదు నేను.

"ఉంచు" అంది. 23న లాక్. ఆ తర్వాత ఒక్క ఫ్రేము కూడా కదలదు. అప్పటికల్లా సౌండ్ వాళ్ళ చేతికి ఇచ్చేయాలి. లాక్‌కి ముందు రూత్‌కి చూపించి రమ్మంది. తనే రాదా అని అడిగాను. "నన్ను రానిస్తుందా? అడిగి చూడు."

రూత్ నన్ను ఒక్కదాన్నే రమ్మంది.

మార్చి 20, శుక్రవారం

రూత్ గదిలో ల్యాప్‌టాప్ పెట్టి చూపించాను. హెడ్‌ఫోన్స్ వద్దంది. పక్క గది ఆవిడ టీవీ వినిపిస్తుంటే లేచి తలుపేసి వచ్చాను.

ల్యాబ్ రోజులకి నవ్వింది. కోర్టు సీన్‌కి ముందుకి వంగి చూసింది. పూలున్న బల్లని చూసి, "ఆ పూలు తనే కొనుక్కుంది" అంది. తలుపు కథ వచ్చింది. తెర మీద రూత్ మాట్లాడటం ఆపేసింది. మంచం మీది రూత్ ఆమెని చూస్తూ కూర్చుంది. ఇద్దరు రూత్‌లు, ఇద్దరూ మాట్లాడరు. నేను కార్పెట్ చూస్తూ కూర్చున్నాను. తర్వాత కోటు షాట్. అద్దం తలుపు వెనక సగం ముఖం ఉన్న ఫోటో. అయిపోయింది.

మెచ్చుకుంటుందనుకున్నాను. ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. అనుకున్నాను మరి.

"ఇంతేనా?"

అర్థం కాలేదు.

"హెలెన్ ఇంతేనా? పారేసిన ముక్క ఏరుకున్న మనిషి, ఇంటికొచ్చి తిప్పి పంపించేస్తే వెళ్ళిపోయిన మనిషి. పాపం హెలెన్. ఇదేనా?" ఊపిరి తీసుకుంది. "ఆ గదిలో అందరికన్నా పెద్దగా నవ్వేది ఆమె. పక్క గదుల వాళ్ళు వచ్చి తలుపులు కొట్టేవారు. పెద్ద పెద్ద హీరోల నడక అనుకరించేది, ఫిల్ము మెడకి చుట్టుకుని. అమ్మ నవ్వడం నేను చూసింది ఆమె ఉన్నప్పుడే. నవ్వి నవ్వి అమ్మ టేబుల్ కిందికి, నా పక్కకి జారిపోయేది. దాన్ని పోగొట్టుకుంది మా అమ్మ. అది లేకపోతే తలుపు దగ్గర ఏం జరిగిందని తెలుస్తుంది ఎవరికైనా?"

ఇది ఇంటర్వ్యూలో లేదు. ఎక్కడా లేదు. నేను అంతా చూశాను. డయాన్ అడగలేదు, ఫోటోల రోజు నేనూ అడగలేదు. అందరం తలుపు దగ్గరే ఆగిపోయాం.

ఫోన్ తీశాను. "ఇదే మళ్ళీ ఒక్కసారి చెబుతారా? రికార్డ్ చేస్తాను. గొంతు చాలు నాకు."

తల అడ్డంగా ఊపింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. "ఇవాళ ఇంక కాదు. ఇలా అలిసిపోయి చెబితే మళ్ళీ పాపం హెలెనే వస్తుంది నీకు. మంగళవారం రా. నవ్వుతూ చెబుతాను."

"రేపు? పోనీ ఎల్లుండి?"

"రేపు, ఎల్లుండి మా అబ్బాయి వాళ్ళొస్తున్నారు. సోమవారం డాక్టర్. మంగళవారం."

లాక్ సోమవారం అని చెప్పాను. వినిపించనట్టే దుప్పటి సర్దుకుంది.

మార్చి 21, శనివారం

పొద్దున డయాన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మెసేజ్ రాశాను, చెరిపాను. ఏమని రాయాలి? ఎవరూ రికార్డ్ చేయని ఒక నవ్వు కోసం ఒక్కరోజు ఆపమనా? సౌండ్ వాళ్ళ డేట్లు, రిలీజ్, అందరూ ఒప్పుకున్న కట్... ఇప్పటికే ఆ మౌనం పొడుగంది. దాని ముందు ఇంకో జ్ఞాపకం కావాలంటున్నాను. పెడితే మళ్ళీ నడవదేమో. నేను కట్టిందే నేను పాడుచేసుకుంటానేమో.

శ్రీకాంత్ అంటాడు, "మంగళవారం పో, రికార్డ్ చేసుకో, నీ దగ్గర ఉంచుకో. సినిమా సినిమానే." నా దగ్గర ఉంచుకుని ఏం చేసుకోను?

డయాన్‌కి మళ్ళీ ఫోన్ చేస్తున్నాను. రింగవుతోంది.